చలవ మీద చలవ

జూలై 8, మంగళవారం

ఇవాళే రాయాలి. ఆసుపత్రిలో జరిగింది తలుచుకున్న ప్రతిసారీ నా తప్పు కొంచెం తగ్గిపోతోంది. ఇంకో వారం ఊరుకుంటే నేను అసలు ఆ గదిలోనే లేనని నమ్మేస్తాను. కాగితం మీద పెడితే అక్కడే ఉంటుంది. ఇది ఎవరికీ చూపించేది కాదు.

ఈ నెల రెండో తేదీ పొద్దున హోసియత్ అత్త మిద్దె మెట్ల మీద జారింది. ఎండబెట్టడానికి పైకి మోసేటప్పుడు రాలిన ఖుబానీ పండు గుజ్జు తొక్కింది. పైనుంచి పడలేదు, ఆఖరి మెట్టు దగ్గర కూలబడింది, అంతే. చేతిలో పళ్ళెం కూడా ఒలకలేదు. తుంటి ఎముక మాత్రం విరిగింది. నాన్న ఎత్తబోతే, "కూర్చుంటే విరిగేది ఎముక ఎలా అవుతుందిరా, బిస్కెట్ అవుతుంది గానీ" అంది పళ్ళు బిగించి. నాన్న నవ్వాలో ఏడవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. తనకి ఒక్కతే అక్క. నేను పుట్టకముందే విధవరాలై మా ఇంటికి వచ్చేసింది. నన్ను అమ్మ కన్నది, అత్త పెంచింది.

ఇస్ఫరా ఆసుపత్రిలో కట్టు కట్టి ఖుజంద్ పెద్దాసుపత్రికి పంపించారు. అమ్మా నేనూ వెంట వెళ్ళాం. అక్కడ డాక్టర్ నసీమొవ్ కాగితాలు తిరగేసి, "ఎముకలు గుల్లబారాయని రెండేళ్ళ కిందటే తేలింది కదా. వారానికో మాత్ర, రోజూ కాల్షియం రాశారు. వేసుకుంటున్నారా?" అని అడిగాడు.

అత్త మంచం మీద నుంచే, "ఒక్కటీ వదల్లేదు బాబూ. మా పిల్ల వైద్య కళాశాలలో చదివింది. చేతిలో పెట్టి మింగే దాకా కదిలేది కాదు" అంది.

నేను ఏమీ అనలేదు.

శుక్రవారం ఆపరేషన్ చేశారు. అమ్మ అక్కడే ఉండిపోయింది. పళ్ళు మన కష్టం చూసి ఆగవు కాబట్టి నేను తిరిగొచ్చాను. మిద్దె మీద ఒక కాపు, వాకిట్లో ఒక కాపు ఎండుతున్నాయి.


జూలై 9

పళ్ళు తిరగేశాను. రాయడానికి ఏమీ లేదు.


జూలై 10, గురువారం

పిలవకుండానే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చేశారు. ఇంట్లో ఒక మనిషి పడిపోతే ఆ మనిషి పని వీధి చేస్తుంది, హషర్ అంటే అదే. గంపలు మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుని గింజలు తీశారు. నేను టీ పోస్తూ తిరిగాను.

"ఏమ్మా డాక్టరూ, కూర్చో. చదువుకున్న వేళ్ళకి ఖుబానీ జిగురు అంటదా?" అంది సబోహత్ పిన్ని. పక్కింట్లో ఉంటుంది. ఆవిడ గొంతు మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది.

"అంటుతుంది పిన్నీ, పోనీ నీ గంప ఇటివ్వు."

"ఇస్తా గానీ, హోసియత్ ఎలా ఉంది? ఆ దేవుడికి కళ్ళు లేవమ్మా. చలికాలమంతా ఎలా తిరిగింది! మా వాడి పెళ్ళిలో ఆడుతుంటే, దీని మోకాళ్ళకి సిగ్గులేదేమిటే అనుకున్నా. అంతా నువ్వు చెప్పిన ఆల్‌బుఖారా మహిమే."

"పడిందిగా పిన్నీ."

"పడితే? తినబట్టి ఒక తుంటితో పోయింది. తినకపోతే రెండూ విరిగేవి."

అందరూ అవునన్నారు. ఒకావిడ, తను కూడా రోజూ గుప్పెడు తింటున్నానని చెప్పింది. ఇంకొకావిడ కూడా.

పోయిన అక్టోబరులో ఇలాగే కూర్చుని ఆల్‌బుఖారా ఎండబెడుతున్నప్పుడు నేను చెప్పిన మాట అది. నేను చదువు ముగించుకుని వచ్చిన కొత్త. నడివయసు దాటిన ఆడవాళ్ళు రోజూ అయిదారు ఎండు ఆల్‌బుఖారాలు తింటే ఎముకల అరుగుదల నెమ్మదించిందని మా పాఠాల్లో ఒక పరిశోధన ఉంది. నిజమైనదే. ఎండు పళ్ళు ఎముకలకు మేలు చేయవచ్చు అని చెప్పాను. మందులు మానేయమని నేను అనలేదు. ఎవరినడిగినా చెబుతారు, నేను అనలేదు.


జూలై 11, శుక్రవారం

అత్త అమ్మ ఫోన్‌లోంచి మాట్లాడింది.

"ఏమే డాక్టరమ్మా, నా ఖుబానీలు మాడ్చేస్తున్నావా?"

"లేదత్తా. పొద్దునా సాయంత్రం తిరగేస్తున్నా."

"మీ నాన్నని పైకి ఎక్కనివ్వకు. వాడు తిరగేసే వంకన సగం నోట్లో వేసుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే."

"నొప్పి ఎలా ఉంది?"

"లోపల మేకు కొట్టారటే. ఇప్పుడు నేనూ తలుపూ ఒకటే. మీ అమ్మ పొద్దున తెరుస్తుంది, రాత్రి మూస్తుంది."

వెనకాల అమ్మ నవ్వు వినిపించింది. ఆ నవ్వు చూసుకుని అడిగేశాను. "అత్తా, నువ్వు పెరుగు ఎప్పుడు మానేశావు?"

"ఇదేం ప్రశ్నే? ఆల్‌బుఖారా మొదలుపెట్టినప్పుడే."

"ఎందుకు?"

"నీకు తెలియక అడుగుతున్నావా? ఆల్‌బుఖారా చలవ. పెరుగు చలవ. ఆ బిళ్ళలు చూశావుగా, సుద్దముక్కలు, వాటికంటే చలవ ఇంకేముంటుంది? చలవ మీద చలవ పోస్తే ఈ వయసులో ఎముకల్లోకి శీతం దిగదూ? పళ్ళు తినమన్నది నువ్వు. నీ మాట కాదంటానా. పళ్ళు ఉంచి మిగతావి తీసేశాను. వేడికి అక్రోట్, కిస్‌మిస్ కలిపాను. సరిపోయింది."

"మరి వారం మాత్ర?"

"దాని సంగతి చెప్పకు. పరగడుపున చన్నీళ్ళతో మింగి అరగంట నిటారుగా నిలబడాలట. నేనేమన్నా గుంజనా?"

ఆవిడ ఇంత సంతోషంగా చెబుతుంటే ఆ సంతోషం పాడుచేయబుద్ధి కాలేదు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

నేను ఈ ఇంట్లోనే పుట్టాను. జ్వరం వస్తే పుచ్చకాయ దగ్గరికి రానివ్వని ఇల్లు ఇది. చేప తిన్న రోజు పాలు ఉండవు. ఏది వేడో ఏది చలవో నాకు అక్షరాల కంటే ముందు వచ్చు. ఖుజంద్‌లో చదివేటప్పుడు మా గదిలో అమ్మాయిలు వేడీ చలవా అంటూ వాళ్ళ నానమ్మల్ని అనుకరించి నవ్వేవాళ్ళు, నేను అందరి కంటే బాగా అనుకరించేదాన్ని. ఆ నవ్వుతో పాటే అదంతా మరిచిపోయాననుకున్నాను. ఆల్‌బుఖారా అని నోటితో అన్నప్పుడు దాని వెనక ఏ గిన్నె పక్కకు జరుగుతుందో నాకు తట్టలేదు.


జూలై 12

అత్తకి మార్చుకునే గుడ్డలు పంపించాలని ఆవిడ పెట్టె తెరిచాను. అడుగున శాలువా కింద కాల్షియం డబ్బాలు ఉన్నాయి. మూత కూడా తిప్పలేదు. ప్రతి దాని మీదా ‘పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి’ అని నేను రాసిన కాగితం. అత్తకి చదవడం రాదు. కాగితాలు మాత్రం ఒక్కటీ ఊడకుండా ఉంచింది.

చూసి ఆశ్చర్యపోయాను, అని రాశాను. కొట్టేశాను.

జనవరిలో ఒక సాయంత్రం అత్త వేళ్ళు కొంకర్లు పోతున్నాయంది. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుందని కూడా అంది. "చలవ ఎక్కువైనట్టుంది" అని అక్రోట్ పలుకులు నోట్లో వేసుకుంది. నేను నూనె రాసి వేళ్ళు లాగాను. భోజనాల దగ్గర పెరుగు గిన్నె తనని దాటి వెళ్ళడం చూశాను. కొత్త డబ్బా ఇచ్చినప్పుడల్లా పాతది ఎప్పుడు అయిపోయిందని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ చలికాలం మా గడప ఖాళీగా లేదు. ఎవరో ఒకరు వచ్చేవారు. "మునవ్వరా ఉందా, మోకాలు చూపిద్దామని." మా నాన్న వాళ్ళకి తనే టీ పోసేవాడు. ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేను. అత్త అందరి ముందూ లేచి నడిచి చూపించేది.


జూలై 14, సోమవారం

అమ్మ ఫోన్ చేసింది. "డాక్టర్ ఏదో సూది అన్నాడే. నువ్వు రాసుకో."

"ఏ సూది?"

"ఏడాదికి ఒకటే చాలట. ఇన్నాళ్ళు మాత్రలు వేసుకున్నా ఎముక విరిగిందంటే ఆ మాత్రలు ఈవిడకి పనిచేయట్లేదట. అందుకని మందు మారుస్తాడట. ఆపరేషన్ అయ్యాక కొంచెం ఆగాలంట, ఇరవై నాలుగు గురువారం ఇస్తాడు. మంచి మందేనా?"

"మంచిదే."

"కాల్షియం, పెరుగు అన్నీ సరిగ్గా తీసుకునేదా అని మళ్ళీ అడిగాడు. మీ అమ్మాయి చెప్పింది కదా అని తనే రాసుకున్నాడు."

మీ అమ్మాయి చెప్పింది.

ఎనిమిదో తేదీన నేను ఏమీ అనలేదని రాశాను. అది అబద్ధం. అత్త చెబుతుంటే తలూపాను. తలూపడం ఒకటే కాదు. డాక్టర్ నా వైపు తిరిగి, "నర్సా మీరు?" అని గౌరవంగా అడిగాడు. "వచ్చే సెప్టెంబరులో మా ఊరి ఆరోగ్య కేంద్రంలో చేరతాను" అన్నాను. "అయితే బాగా చూసుకుని ఉంటారు. పెరుగు, పాలు?" అన్నాడు. "రోజూ తింటుందండీ" అన్నాను. గొంతు వణకలేదు.


జూలై 15

గాలి లేచింది. పళ్ళెం మీద పళ్ళెం వేసి అన్నీ లోపలికి మోశాం. మళ్ళీ బయటికి మోశాం.


జూలై 16, బుధవారం

అత్తకి చెప్పేయాలని ఫోన్ చేశాను. డాక్టర్‌కి నిజం చెప్పు, లేదా నన్ను చెప్పనివ్వు, అనాలని ముందే అనుకుని ఉన్నాను.

"అత్తా, ఆ మాత్రల సంగతి."

"ష్. ఆ సంగతి తేలిపోయింది." గొంతు తగ్గించింది. "నిన్న ఒక నర్సు వచ్చింది. కొంచెం తెలివైనదే, నీలాంటిది. మామ్మగారూ, నిజంగా అన్నీ మింగారా, చాలామంది మింగరు, అంది. నన్నంటే పడతాను. మీ పిల్ల చూసుకోలేదేమో అన్నట్టు చూసింది. నాకు ఒళ్ళు మండింది."

"ఏం చేశావు?"

"పళ్ళెంలో రొట్టె ఉంది. దాని మీద చెయ్యి పెట్టి చెప్పాను. మా పిల్ల ఇచ్చిన ప్రతి మాత్రా మింగానని. ఇంక ఎవరూ నోరెత్తలేదు."

నేను మెట్టు మీద కూర్చున్నాను.

మా ఇంట్లో రొట్టె కింద పడితే తీసి కళ్ళకద్దుకుని గోడ మీద పెడతాం, పిట్టలు తింటాయని. బోర్లించి పెట్టకూడదు. కత్తితో కోయకూడదు. అత్త ఆవుని ఎత్తుకుపోయిన ఏడు కూడా, దొంగ ఎవరో తెలిసి కూడా, కళ్ళతో చూడలేదు కాబట్టి రొట్టె ముట్టి చెప్పనని ఊరి పెద్దల ముందు వెనక్కి తగ్గింది. అలాంటి మనిషి.

"ఎందుకు చేశావత్తా అలా?"

"ఎందుకేమిటే? సెప్టెంబరులో నువ్వు తెల్లకోటు వేసుకోవాలి. నర్సు ఇంట్లోనే మందులు మింగించలేకపోయిందంటే ఊళ్ళో ఎవరు చెయ్యి చాపుతారు నీకు? ఎముక నాది, విరిగింది, అతికించారు. నీ పేరు విరిగితే మేకు కొట్టడానికి ఏ డాక్టరూ లేడు." మళ్ళీ తనే, "నువ్వూ ఇంక ఆ మాటెత్తకు. ఎత్తావంటే నేను రొట్టె మీద అబద్ధం ఆడినదాన్నవుతాను. తెలిసిందా?"

తెలిసిందన్నాను.


జూలై 17

నాన్న నేనేమీ తినట్లేదని కోప్పడ్డాడు.


జూలై 18, శుక్రవారం

కళాశాల పుస్తకం తీశాను. నేను గుర్తుపెట్టుకున్నది తప్పై ఉండాలని చూశాను. తప్పు కాదు. ఆ సూది ఎముకలోని కాల్షియంని బయటికి రానివ్వకుండా బిగిస్తుంది. ఒంట్లో ముందే కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా పడిపోతుంది. వేళ్ళు కొంకర్లు పోవడం, పెదవుల చుట్టూ తిమ్మిరి మొదట. తర్వాత ఒళ్ళంతా ఈడ్చుకుపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే ముందు ఆ లోటు తీర్చాలి, తర్వాతే సూది. ఈ వాక్యం కింద పరీక్షప్పుడు నేనే ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను.

సూది పెట్టేముందు రక్తం చూస్తారు. తప్పకుండా చూస్తారు. చూస్తే వాళ్ళకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు, అత్త మాట కూడా పోదు. అమ్మకి ఫోన్ చేసి రక్తం తీశారా అని అడిగాను.

"మొదటి రోజు తీశారు. రోజూ ఎందుకు తీస్తారు?"

"కాల్షియం చూశారా?"

"నాకేం తెలుసే? ఎర్రగా ఉంది, సీసాలో పట్టారు."

నేను పెరుగు రోజూ తింటుందన్నాను. ఒక నర్సు చెప్పాక వాళ్ళు వెతకాల్సిన పనేముంది?

భోజనం దగ్గర నాన్న నా వైపు రొట్టె తుంచి పెడుతూ, "నువ్వు చదువుకోబట్టి అక్క ఈమాత్రం ఉంది. నీ మాట విని ఆ పళ్ళు తినబట్టి" అన్నాడు.

"నాన్నా, నేను తప్పు చెప్పి ఉంటే?"

"పుస్తకంలో ఉందన్నావుగా?"

"ఉంది."

"అయితే తప్పెలా అవుతుంది?" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆయనకి పుస్తకం అంటే ఒక్కటే, అందులో ఉన్నది ఉన్నట్టే. పుస్తకంలో సగం చదివి చెప్పేవాళ్ళుంటారని ఆయనకి ఎవరూ చెప్పలేదు.


జూలై 19, శనివారం

ఎవరికో ఒకరికి చెప్పి చూద్దామని సబోహత్ పిన్ని దగ్గరికి వెళ్ళాను. పెరట్లో మంచం మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని ఆల్‌బుఖారా తింటోంది. గింజలు గుడ్డలో ఉమ్ముతోంది.

"పిన్నీ, నువ్వు కూడా మాత్రలు మానేశావా?"

"ఎప్పుడో."

"నేను మానేయమన్నానా?"

"మరి? నేను అడగలేదూ? అందరి ముందూ అడిగా. అయితే ఈ మాత్రల గోల వదిలిపోయినట్టేనా మునవ్వరా, అని. నువ్వేమన్నావు?" చేతులు తుడుచుకుని నన్ను అనుకరించింది. గడ్డం పైకెత్తి. "మాత్రలు పుట్టకముందే మన చెట్లున్నాయి పిన్నీ, అన్నావు. ఎంత బాగా అన్నావే! నేను మా వియ్యపురాలికి కూడా చెప్పా."

గుర్తుంది. పదో తేదీన ఇక్కడ రాసినప్పుడు కూడా గుర్తుంది. అక్కడున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు, అత్త నా నెత్తి మీద ముద్దు పెట్టింది. మా పంతులమ్మ ఈ పరిశోధన చెప్పిన రోజున, ఇది మందుతో పాటు, మందుకు బదులు కాదు, అని బల్ల మీద కొట్టి మరీ చెప్పింది. ఆ ముక్క చెబితే చప్పట్లు రావు.

"పిన్నీ, అది పొగరుతో అన్నమాట. పళ్ళు మంచివే, రోజూ తిను. కానీ పెరుగు కూడా తినాలి, డాక్టర్ రాసిన మాత్రలు కూడా వేసుకోవాలి. అత్త అవన్నీ మానేసింది. అది తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాను."

ఆవిడ చేతిలో పండు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఆల్‌బుఖారా మీద పెరుగా? రెండూ చలవే. చంపుతావేమిటే నన్ను?"

"అక్రోట్ పలుకులు వేసుకో. పెరుగులో కలుపుకో."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అక్రోట్ వేస్తే సరిపోతుంది" అంది. తర్వాత నా వైపు చూసి, "ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఏం పోయిందే నీకు?" అంది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఆ వియ్యపురాలికి కూడా చెప్పు పిన్నీ."

"నువ్వే చెప్పు. నీ నోటితో పోయింది, నీ నోటితోనే రావాలి." మళ్ళీ గొంతు తగ్గించి, "హోసియత్ డాక్టర్‌కి చెప్పిందా?" అంది.

లేదన్నాను. పళ్ళెం పక్కన పెట్టేసింది.


జూలై 20, ఆదివారం

అత్తతో మాట్లాడాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అత్తా, నేను డాక్టర్‌కి చెబుతాను."

"ఏమని?"

"నువ్వు మాత్రలు వేసుకోలేదని. పెరుగు మానేశావని. నేను అబద్ధం చెప్పానని."

"మరి నేను రొట్టె మీద చెప్పింది?"

"అదీ అబద్ధమని తెలుస్తుంది."

"ఈ గదిలో ఆరుగురున్నారు. అందరూ చూశారు. ఒకావిడ కొనిబోదోమ్ నుంచి వచ్చింది, ఆవిడ చెల్లెల్ని మన ఊరే ఇచ్చారు."

"తెలుసత్తా."

"ఈ వయసులో నన్ను రొట్టె మీద అబద్ధమాడిన మనిషిని చేస్తావా?"

"ఆ సూది పడితే నీకు ప్రమాదం. జనవరిలో నీ వేళ్ళు కొంకర్లు పోయింది గుర్తుందా? అలాగే వస్తుంది, దానికంటే గట్టిగా. గుండెకి కూడా."

"వస్తే రానీ. ఎన్నేళ్ళు బతుకుతాను?"

"అలా అనకు."

"అంటాను. తొమ్మిదో తరగతితో చాలని మీ నాన్న బ్యాగు అటక మీద పెడితే దింపింది ఎవరు? మీ తాత కోటు తొడుక్కుని ఖుజంద్ దాకా నీతో వచ్చి, ఆ కళాశాల గేటు ముందు చలిలో నిలబడింది ఎవరు? నిన్ను చదివించింది నాకు ఎదురు చెప్పడానికా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడ గెలుస్తుంది, అందుకని ఆపుకున్నాను. "అందుకే అనుకుంటానత్తా" అన్నాను.

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే అమ్మ ఎత్తింది. గోడ వైపు తిరిగి పడుకుందట, టీ కూడా వద్దందట. ఏం జరిగిందని అమ్మ అడిగింది. అమ్మకి మొత్తం చెప్పాను. అంతా విన్నాక, "ఆవిడ నిన్ను క్షమించదు" అంది. తర్వాత, "డాక్టర్ నంబరు రాసుకో" అంది.


జూలై 21, సోమవారం

పొద్దుటి నుంచీ చేస్తున్నాను, డాక్టర్ ఎత్తడం లేదు. ఆపరేషన్లలో ఉంటాడట, సందేశాలు మాత్రం సాయంత్రం చూస్తాడని అమ్మ చెప్పింది. మాట్లాడితే మళ్ళీ మాటలు దిద్దుకుంటానని కూడా భయంగా ఉంది. అందుకని ముందు ఇక్కడ రాసి, ఒక్క ముక్క మార్చకుండా ఫోన్‌లోకి ఎక్కిస్తాను.

డాక్టర్ నసీమొవ్ గారికి,

నేను మీ దగ్గర తుంటి ఆపరేషన్ చేయించుకున్న హోసియత్ గారి మేనకోడలు మునవ్వరాని. చేర్చిన రోజు మీరడిగితే ఆవిడ రోజూ పెరుగు తింటుందని, మందులు వేసుకుంటుందని చెప్పాను. రెండూ అబద్ధం. పోయిన అక్టోబరు నుంచి ఆవిడ కాల్షియం గానీ, వారం మాత్ర గానీ ఒక్కటీ వేసుకోలేదు. పాలు, పెరుగు కూడా పూర్తిగా మానేసింది. జనవరిలో వేళ్ళు కొంకర్లు పోయి, పెదవుల చుట్టూ తిమ్మిరి వచ్చింది. నేను చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. కాబట్టి పాత మాత్రలు పనిచేయలేదని అనుకోవద్దు. వాటిని మింగనే లేదు.

ఇలా జరగడానికి కారణం నేను. ఎండు ఆల్‌బుఖారా ఎముకలకు మంచిదని చెప్పాను. మందుతో పాటు తినాలని చెప్పలేదు, మందు అక్కర్లేదన్నట్టు మాట్లాడాను. ఆవిడ నా మాట నమ్మింది. చలవ మీద చలవ పడకూడదని మిగతావన్నీ తీసేసింది. పళ్ళ వల్ల ఆవిడకి చెడు జరగలేదు.

మాత్రలన్నీ మింగానని ఆవిడ రొట్టె మీద చెయ్యి పెట్టి మీ నర్సుకి చెప్పింది. నా పేరు కాపాడటానికి చెప్పింది. ఆ అబద్ధాన్ని నాదిగానే చూడండి. గదిలో మిగతావాళ్ళ ముందు ఆ మాట ఎత్తవద్దని వేడుకుంటున్నాను. నా ఉద్యోగం గురించి మీరు మా ఆరోగ్య కేంద్రానికి రాయదలిస్తే రాయండి.

దయచేసి రక్తంలో కాల్షియం చూడకుండా గురువారం సూది వేయకండి. ఆవిడకి పెరుగు ఇస్తే తినదు. అక్రోట్ పలుకులు కలిపి ఇమ్మని మా అమ్మకి చెప్పండి, అప్పుడు వేడీ చలవా సరిపోతాయని తింటుంది. నేను పంపానని మాత్రం చెప్పవద్దు, ప్రస్తుతం నా చేతిది తినదు.

సూది ఆపారో లేదో నాకు రేపు, ఇరవై రెండో తేదీ మంగళవారం, సాయంత్రం లోపల ఒక్క మాట రాయండి. మీ జవాబు రాకపోతే బుధవారం మొదటి బండికి బయల్దేరి మీ తలుపు దగ్గర ఉంటాను.